కర్మాగారాల వెంట వచ్చిన కొరియా వంట: ఎక్కడ తినాలి, ఏమి అడగాలి

భిలాయ్: వేసవి సెలవులకు దుర్గ్ స్టేషనులో రైలెక్కే తెలుగు కుటుంబాల ప్రయాణ ప్రణాళికలో ఇటీవల ఒక కొత్త కోరిక చేరుతోంది. చెన్నై, హైదరాబాద్, ఢిల్లీ వంటి మహానగరాలకు వెళ్లినప్పుడు ఒక్క పూటైనా కొరియా భోజనం చేయాలని పిల్లలు పట్టుబడుతున్నారు. పెద్దలకు మాత్రం సందేహాలు ఎక్కువ. ఆ వంటలో ఏముంటుంది? శాకాహారులు తినదగినవి ఉంటాయా? డబ్బు వృథా కాకుండా అసలైన రుచి ఏ నగరంలో, ఏ ప్రాంతంలో దొరుకుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పడమే ఈ కథనం ఉద్దేశం.

ఒక విషయం ముందుగా చెప్పుకోవాలి. రెస్టారెంట్లు తెరుచుకుంటాయి, మూతపడతాయి, చేతులు మారుతాయి. అందువల్ల పేర్ల జాబితా కన్నా, కొరియా వంట ఏయే చోట్ల ఎందుకు స్థిరపడిందో తెలుసుకోవడం పాఠకులకు ఎక్కువ కాలం ఉపయోగపడుతుంది. ఆ కారణాన్ని అర్థం చేసుకోవడానికి భిలాయ్ వాసులు దూరం వెళ్లనక్కర లేదు.

భిలాయ్ అనుభవం

భిలాయ్ ఉక్కు కర్మాగారం నిర్మాణానికి భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ సంవత్సరాల్లో సోవియట్ ఇంజనీర్లు ఇక్కడ నివసించారు. దేశం నలుమూలల నుంచి, తెలుగు నేల నుంచి కూడా, వేలాది కుటుంబాలు ఉద్యోగాల కోసం తరలివచ్చాయి.

సోవియట్ నిపుణులు తమ పని ముగించుకుని స్వదేశానికి తిరిగి వెళ్లారు. ఆ స్నేహానికి గుర్తుగా 1972లో ఏర్పాటైన మైత్రీబాగ్ నేటికీ ఉంది. కాని నేడు సెక్టార్ల బజార్లలోనో, సివిక్ సెంటర్‌లోనో రష్యా వంట కోసం వెదికేవారు లేరు. తెలుగువారు, తమిళులు, మలయాళీలు ఇక్కడే స్థిరపడ్డారు. సెక్టార్ 5లో బాలాజీ మందిరం వెలసింది. ఇడ్లీ, దోశ ఈ పట్టణపు అల్పాహారంలో పోహా, సమోసాలతో సమానంగా నిలిచాయి. ఏ వంటయినా దానిని రోజూ తినే మనుషులు ఉన్నచోటనే నిలుస్తుందని, వారు వెళ్లిపోతే దానికి ఆదరణ తగ్గుతుందని ఈ పట్టణం తన అనుభవంతో చెబుతోంది. మన దేశంలో కొరియా వంట ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవడానికి ఇదే కొలబద్ద.

కర్మాగారం దారి, తెర దారి

కొరియా భోజనం భారతీయ నగరాలకు రెండు దారుల్లో వచ్చింది. మొదటిది కర్మాగారాల దారి. దక్షిణ కొరియా సంస్థలు ఇక్కడ పరిశ్రమలు పెట్టినప్పుడు వాటి వెంట ఇంజనీర్లు, పర్యవేక్షకులు, వారి కుటుంబాలు వచ్చాయి. వారికి రోజువారీ భోజనం కావలసి వచ్చింది. అలా ఏర్పడిన భోజనశాలలు మొదట తమవారి కోసమే పనిచేశాయి.

రెండవది తెర దారి. కొరియా ధారావాహికలు, పాప్ సంగీతం, 2019లో వచ్చిన ‘పారసైట్’ చిత్రం, 2021 నాటి ‘స్క్విడ్ గేమ్’ వంటివి చూసిన యువత, తెరపై కనిపించిన వంటకాలను రుచి చూడాలనుకుంది. ఆ కోరిక ఆధారంగా కేఫ్‌లు, కొరియన్ పేరు తగిలించిన బర్గర్లు, నూడుల్స్ దుకాణాలు వెలిశాయి.

రెండూ తప్పు కావు. అయితే వాటి రుచి, ధర, ఉద్దేశం వేరు. మొదటి రకం చోట పులుపు, సోయా గింజల ఘాటైన వాసన, చప్పగా ఉండే సూపులు యథాతథంగా ఉంటాయి. రెండవ రకం చోట తీపి, కారం పెంచి, జున్ను వేసి, మన నాలుకకు అనుకూలంగా మారుస్తారు. దేని కోసం వెళుతున్నామో ముందే తెలుసుకుంటే నిరాశ ఉండదు.

ఏ నగరంలో ఎక్కడ?

చెన్నై: హ్యుందాయ్ సంస్థ 1996లో భారత విభాగాన్ని నెలకొల్పి, శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో కర్మాగారం నిర్మించింది. 1998లో శాంట్రో కారు అక్కడి నుంచే మార్కెట్లోకి వచ్చింది. ప్రధాన కర్మాగారం చుట్టూ విడిభాగాల సంస్థలు కూడా చేరాయి. చెన్నైలో కొరియన్ల నివాసం అలా దశాబ్దాల నాటిది. దక్షిణ కొరియా కాన్సులేట్ జనరల్ కార్యాలయం, 2006లో ఏర్పడిన ఇంకో సెంటర్ అనే భారత–కొరియా సాంస్కృతిక సంస్థ కూడా అక్కడ ఉన్నాయి. పూనమల్లి హైరోడ్డు నుంచి శ్రీపెరుంబుదూరు వరకు ఉన్న ప్రాంతాల్లో వెదకడం ఫలితమిస్తుంది. కొరియన్ ఉద్యోగుల కోసం నడిచే భోజనశాలలను దక్షిణాదిలో చూడదలచినవారికి చెన్నై తొలి ఎంపిక.

పెనుకొండ: ఇది మహానగరం కాదు. కాని తెలుగు నేలపై కొరియా వంటకు అసలైన చిరునామా ఇదే. కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. నాటి అనంతపురం జిల్లా, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని ఎర్రమంచి వద్ద ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారం నెలకొల్పింది. 2019లో సెల్టోస్ కారు ఇక్కడి నుంచి విడుదలైంది. రాగిసంకటి, వేరుశనగ పచ్చడి తినే కరవు సీమలో, బెంగళూరు–హైదరాబాద్ జాతీయ రహదారి పక్కన కొరియా లిపిలో రాసిన బోర్డులు, అతిథి గృహాలు, భోజనశాలలు కనిపించడం మొదలైంది. ఆ రహదారిపై ప్రయాణించేవారు అక్కడ ఆగి తినవచ్చు.

ఢిల్లీ, పరిసరాలు: శాంసంగ్, ఎల్‌జీ సంస్థల కర్మాగారాలు, కార్యాలయాలు ఉన్నందువల్ల గురుగ్రామ్, నోయిడాల్లో కొరియన్ కుటుంబాలు నివసిస్తున్నాయి. వారి కోసం నడిచే రెస్టారెంట్లు, కిరాణా దుకాణాలు అక్కడ ఉన్నాయి. దక్షిణ ఢిల్లీలోని గ్రీన్ పార్క్, సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్ ప్రాంతాల్లోనూ కొరియా భోజనశాలలకు పేరుంది. లాజ్‌పత్ నగర్‌లో 2012లో ప్రారంభమైన కొరియన్ సాంస్కృతిక కేంద్రం ఉంది. విద్యార్థులు తక్కువ ఖర్చుతో తినదలిస్తే ఉత్తర ఢిల్లీలోని టిబెటన్ కాలనీ మజ్నూ కా టీలాకు వెళతారు. అక్కడ టిబెట్ మోమోల పక్కనే కొరియా వంటకాలు అమ్ముతారు.

హైదరాబాద్: హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రం 2006 నుంచి ఇక్కడ పనిచేస్తోంది. అయినా చెన్నైతో పోలిస్తే కొరియన్ల సంఖ్య తక్కువ. నగరపు పశ్చిమ భాగంలో, జూబ్లీహిల్స్, హైటెక్ సిటీ వైపు ఉన్న రెస్టారెంట్లలో తెర దారిన వచ్చినవే ఎక్కువగా కనిపిస్తాయి.

భిలాయ్, రాయ్‌పూర్: మన ప్రాంతంలో కొరియా వంట అంటే ప్రధానంగా కేఫ్‌లలో దొరికే రామెన్, కారపు కోడి వేపుడు వంటివే. పిల్లల సరదాకు అవి చాలు. సంప్రదాయ భోజనంగా వాటిని భావించి ఎక్కువ ధర చెల్లించవలసిన అవసరం లేదు.

పొరుగున ఉన్న ఒడిశా ఉదాహరణ కూడా గమనించదగినది. కొరియా ఉక్కు సంస్థ పోస్కో 2005లో జగత్సింగ్‌పూర్ జిల్లాలో భారీ కర్మాగారం కోసం ఆ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. భూసేకరణపై స్థానికుల ప్రతిఘటన, అనుమతుల చిక్కుల మధ్య అది కార్యరూపం దాల్చలేదు. కర్మాగారం రాలేదు కనుక దాని వెంట రావలసిన వంటశాలలూ రాలేదు.

గుర్తుపట్టడం ఎలా?

తెలియని నగరంలో తలుపు తీసి లోపలికి అడుగుపెట్టిన కొద్ది నిమిషాల్లోనే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. మొదటిది, వంటకాల పట్టికలో కొరియా లిపి. రెండవది, మధ్యాహ్న వేళ కొరియన్ ఉద్యోగులు వచ్చి తింటున్నారా అన్నది. మూడవది, అన్నిటికన్నా నమ్మదగినది, బాంచన్. ప్రధాన వంటకం అడగగానే చిన్న గిన్నెలలో కిమ్చీ, మొలకలు, ఆకుకూర, ముల్లంగి వంటి నాలుగైదు ఆధరువులు బల్లపైకి వస్తాయి. సంప్రదాయ భోజనశాలలో వీటికి వేరే ధర ఉండదు. అయిపోతే మళ్లీ అడగవచ్చు. మన విస్తరిలో పప్పు, కూర, పచ్చడి వడ్డించినట్లే వీటి స్థానం కూడా. కిమ్చీకి విడిగా ధర వేసిన చోటు చాలావరకు తెర దారిన వచ్చినదని భావించవచ్చు.

తెలిసిన రుచులే, వేరే పేర్లు

కొరియా వంటను వింతగా చూడవలసిన పని లేదు. దాని మూలసూత్రాలు అన్నం, పులియబెట్టడం, మిరప. ఈ మూడూ మన ఇళ్లలో ఉన్నవే. మిరప అమెరికా ఖండం నుంచి ఓడలపై బయలుదేరి మనకూ కొరియాకూ కూడా 16వ శతాబ్ది తరువాతి కాలంలోనే అలవాటైంది. మనకు గుంటూరు ఎలాగో, మిరప ముద్ద గోచుజాంగ్‌కు కొరియాలో సున్‌చాంగ్ అలాగ. మిరపపొడి, జిగురు బియ్యం, పులిసిన సోయా పిండి, ఉప్పు కలిపి నెలల తరబడి జాడీలలో మాగబెట్టే ముద్ద అది. కారంతోపాటు కొద్దిగా తీపి కూడా తగులుతుంది.

కిమ్చీని ఆవకాయతో పోల్చడం పరిపాటి. అయితే ఆవకాయను నూనె, ఉప్పు, ఆవపిండి నిలువ ఉంచుతాయి. కిమ్చీలో ఆ పని మేలుచేసే సూక్ష్మజీవులది. ఉప్పులో ఊరిన క్యాబేజీకి మిరపపొడి, వెల్లుల్లి, అల్లం పట్టించి ఉంచితే అది తనంతట తాను పులుస్తుంది. ఆ పులుపు మన తరవాణికీ, చద్దన్నానికీ, ఛత్తీస్‌గఢ్ శ్రామికులు తినే బోరే బాసీకీ దగ్గర బంధువు. శీతాకాలానికి ముందు ఇరుగుపొరుగు కూడి కిమ్చీ పెట్టుకునే సంప్రదాయాన్ని కిమ్‌జాంగ్ అంటారు. యునెస్కో 2013లో దానిని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఎండాకాలంలో అమ్మలక్కలు కలిసి ఊరగాయలు పెట్టిన ఇళ్లవారికి ఆ దృశ్యం తేలికగానే అర్థమవుతుంది.

పిల్లలు ఎక్కువగా అడిగే తొక్‌బొక్కీ అంటే బియ్యపు పిండితో చేసిన కడ్డీల వంటి ముక్కలను గోచుజాంగ్ పులుసులో ఉడికించినది. ఛత్తీస్‌గఢ్ ఇళ్లలో ఆవిరిపై ఉడికించే ఫరా ఆకారం తెలిసినవారికి ఇది కొత్త కాదు. ఫరా కన్నా కొంచెం ఎక్కువగా సాగుతుంది, అంతే. ఉల్లికాడల పాజొన్‌ను చూస్తే చీలా గాని, మన అట్టు గాని గుర్తుకు వస్తుంది. బిబింబాప్ అంటే గిన్నెడు అన్నంపై విడివిడిగా వేపిన కూరలు పేర్చి, మిరప ముద్దతో కలుపుకునే భోజనం. జాప్‌చే చిలగడదుంప పిండితో చేసిన పారదర్శకమైన సేమ్యా. కింబాప్ సముద్రపు నాచు పొరలో చుట్టి కోసిన అన్నపు ముక్కలు.

తొలిసారి వెళ్లే కుటుంబం బిబింబాప్, జాప్‌చే, పాజొన్‌లతో మొదలుపెట్టడం మంచిది. ఇవి మన నాలుకకు త్వరగా అలవాటవుతాయి. పులిసిన సోయా ముద్దతో చేసే దోయెన్‌జాంగ్ జిగే అనే పులుసును రెండవసారికి ఉంచుకోవచ్చు. దాని వాసన మొదట కొందరిని వెనక్కి నెడుతుంది.

శాకాహారులు తప్పక అడగవలసినవి

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. కూరగాయలతో చేసిన వంటకం కదా అని అనుకున్నంత మాత్రాన అది శాకాహారం కాదు. సంప్రదాయ కిమ్చీలో చేపల నుంచి తీసిన ఉప్పు ద్రవమో, ఊరవేసిన చిన్న రొయ్యలో కలుస్తాయి. తొక్‌బొక్కీ, సోయా పులుసు, కూరగాయల సూపు వంటివాటికి మూలాధారంగా ఎండు నెత్తళ్లు మరిగించిన నీటిని వాడతారు. తొక్‌బొక్కీలో చేప పిండితో చేసిన పలుచని ముక్కలు కూడా వేస్తారు. బిబింబాప్‌పై గుడ్డు ఉంటుంది. జాప్‌చేలో తరచు మాంసం కలుస్తుంది.

అందువల్ల ‘ఇది వెజ్ కదా’ అని అడిగితే సరిపోదు. ఈ నాలుగు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. కిమ్చీలో చేప ద్రవం గాని రొయ్యలు గాని ఉన్నాయా? పులుసు నీరు దేనితో మరిగించారు? గుడ్డు లేకుండా చేయగలరా? ఇదే పెనంపై మాంసం వేపుతారా? సమాధానం స్పష్టంగా రాకపోతే ఆ వంటకాన్ని వదిలివేయడమే మేలు.

మాంసాహారులకూ ఒక ప్రశ్న ఉంది. బుల్గోగి అనే వంటకానికి కొరియాలో గొడ్డు మాంసం వాడతారు. సమ్‌గ్యోప్‌సాల్ పంది పొట్ట భాగపు మాంసం. మన దేశంలో చాలాచోట్ల బుల్గోగిని కోడి లేదా పంది మాంసంతో చేస్తారు. పేరును బట్టి ఊహించుకోకుండా ఏ మాంసమో అడిగి తెలుసుకోవాలి.

సోయా, నువ్వులు, గోధుమ, రొయ్యలు పడనివారు ముందుగానే ఆ సంగతి చెప్పాలి. ఈ వంటలో ఈ నాలుగూ చాలా వంటకాల్లో కలిసి ఉంటాయి. పులిసిన ముద్దలు, కిమ్చీ, సూపులలో ఉప్పు అధికం. రక్తపోటుకు మందులు వాడే పెద్దలు పులుసు మొత్తం తాగకుండా, ముక్కలు, అన్నం మాత్రం తీసుకోవడం మంచిది.

ఉల్లి, వెల్లుల్లి సైతం తినని కుటుంబాలకు ఒక ఆసక్తికరమైన విషయం. కొరియా బౌద్ధ ఆరామాల వంటలో మాంసం, చేపలతోపాటు ఉల్లి, వెల్లుల్లి జాతి దినుసులు కూడా నిషిద్ధం. ఆ సంప్రదాయ వంట మన నగరాల్లో అరుదు. కాని అటువంటి కిమ్చీ కొరియాలోనే ఉందని తెలిస్తే, చేప లేని కిమ్చీ అడగడానికి సంకోచించనక్కర లేదు.

బల్ల వద్ద మర్యాద

కొరియన్లు లోహపు పుల్లలతో ఆధరువులను, పొడవైన చెంచాతో అన్నం, పులుసులను తింటారు. పుల్లలు పట్టుకోవడం రాకపోతే చెంచా అడగడం నామోషీ కాదు. పెద్దలు చెంచా ఎత్తిన తరువాతే చిన్నవారు మొదలుపెట్టడం అక్కడి ఆచారం. పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు. మరణించినవారికి చేసే క్రతువును అది గుర్తుచేస్తుంది. బల్ల మధ్య పొయ్యిపై కాల్చిన మాంసాన్ని పాలకూర వంటి లెట్యూస్ ఆకులో పెట్టి, ముద్ద జోడించి, తాంబూలంలా మడిచి ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి. ఇటువంటి కాల్పు భోజనాన్ని సాధారణంగా ఇద్దరికి తక్కువ కాకుండా వడ్డిస్తారు. ఒంటరిగా వెళ్లేవారు ముందే అడగాలి.

బిల్లు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. సేవా రుసుమును హోటళ్లు తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు జారీ చేసింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. బిల్లులో ఆ రుసుము కనిపిస్తే తొలగించమని కోరవచ్చు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ఇంటికి వచ్చే పొట్లాలు

మహానగరానికి వెళ్లలేని పిల్లలు కిరాణా దుకాణంలో కొరియన్ నూడుల్స్ పొట్లం కొంటారు. అందులో కొన్నిటి కారం మన అంచనాకు మించినది. 2024 జూన్‌లో డెన్మార్క్ ఆహార అధికారులు ఒక కొరియా సంస్థకు చెందిన మూడు రకాల నూడుల్స్‌లో కారం మోతాదు ప్రమాదకరమని మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. తరువాత పునఃపరిశీలించి వాటిలో రెండింటిని అనుమతించారు. ఎవరు ఎక్కువ కారం తింటారో అనే పందేలకు చిన్నపిల్లలను దూరంగా ఉంచాలి. పొట్లంపై ఆకుపచ్చ శాకాహార గుర్తు, దిగుమతిదారు వివరాలు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్య ఉన్నాయో లేదో చూసి కొనాలి.

కొరియాలో పోహాంగ్ అనే ఊరు భిలాయ్ వంటిదే. 1968లో స్థాపించిన సంస్థ 1973లో అక్కడ ఉక్కు ఉత్పత్తి ప్రారంభించింది. దుమ్ములో పనిచేసినవారు పంది మాంసం తింటే గొంతు శుభ్రపడుతుందని కొరియా శ్రామికులలో ఒక నమ్మకం ఉంది. బెల్లం ముక్క తింటే దుమ్ము దిగిపోతుందని మన గనుల్లో, కర్మాగారాల్లో పనిచేసినవారు నమ్మినట్లే. రెండింటికీ వైద్యపరమైన నిరూపణ లేదు. షిఫ్టు ముగించి వచ్చిన మనిషికి తనవారి తిండి ఎంత అవసరమో మాత్రం ఆ నమ్మకాలు చెబుతున్నాయి. భిలాయ్‌కి తొలిరోజుల్లో వచ్చిన తెలుగు కుటుంబాలు ఊరి నుంచి ఆవకాయ జాడీలు మోసుకొచ్చింది అందుకే. శ్రీపెరుంబుదూరులో గాని, పెనుకొండలో గాని కొరియన్ ఇంజనీరు ముందుకు వచ్చే కిమ్చీ గిన్నె వెనుక ఉన్న అవసరమూ అదే. ఈసారి ప్రయాణంలో పిల్లలు అడిగినప్పుడు, ప్రశ్నలు అడిగి, తెలుసుకుని, ఒక పూట ఆ బల్ల వద్ద కూర్చోవచ్చు.